తలుపులేని అడవి పాకలో రాత్రి గడపడం ఎలా?

అమలాపురం, రాజోలు, రావులపాలెం వైపు నుంచి ఏటా మే నెలలో పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళూ, ఆగస్టులో పై చదువుకు బయలుదేరే కుర్రవాళ్ళూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "కొండ ఎక్కాక రాత్రి పడుకునేది మూడు గోడల పాకలోనట, ముందువైపు తలుపే ఉండదట, అందులో నిద్ర ఎలా పడుతుందండీ?" న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో మా అమ్మాయితో, అల్లుడితో కలిసి అలాంటి పాకల్లో కొన్ని రాత్రులు గడిపాను గనుక, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు తెలిసినదంతా ఒకచోట రాస్తున్నాను.

అక్కడివాళ్ళు దీనిని లీన్-టూ అంటారు. మన పొలంలోని మకాం పాకకు ఒక వైపు తడిక తీసేసి, కప్పును వెనక్కి పొడుగ్గా దించినట్టు ఊహించుకోండి. మూడు వైపులా దుంగల గోడలు, నేలకు కాస్త ఎత్తున చెక్కల గచ్చు, ముందు అంచున అరుగులా కూర్చోవడానికి పనికివచ్చే లావుపాటి దుంగ, దానికి ఎదురుగా రాళ్ళు పేర్చిన పొయ్యి, కొంత దూరంలో మరుగుదొడ్డి ఉంటాయి. 14 రాష్ట్రాల మీదుగా సుమారు 2,190 మైళ్ళు సాగే అపలాచియన్ కాలిబాట పొడవునా కూడా ఇలాంటివి 250కి పైగా ఉన్నాయి. అక్కడ వాటిని షెల్టర్లు అంటారు. నేను చెప్పేవి ప్రధానంగా అడిరాండాక్ పద్ధతులు. వేరే చోటికి వెళ్ళేవాళ్ళు అక్కడి నియమాలు విడిగా చూసుకోవాలి.

ఈ పాక ఆపేది వానను ఒక్కదాన్నే. చలిని, దోమను, ఎలుకను, ఎలుగుబంటిని ఆపే పని మీరు మోసుకెళ్ళే సామానుదే. ఈ సంగతి మనసులో పెట్టుకుని సంచి సర్దుకున్నవారికి ఇబ్బంది రాదు.

కావలసినవి

పడుకునే సంచి, అంటే స్లీపింగ్ బ్యాగ్, మొదటిది. దాని మీద రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి: ఒకటి హాయిగా నిద్రపట్టే కంఫర్ట్ అంకె, రెండవది ఎలాగో ఓర్చుకునే లిమిట్ అంకె. ధనుర్మాసంలో 18 డిగ్రీలకే మంకీ టోపీ పెట్టుకునే మనబోటివాళ్ళు కంఫర్ట్ అంకెనే చూడాలి. అడిరాండాక్ ఎత్తుల్లో సెప్టెంబరు రాత్రులు సున్నా దగ్గరకు దిగవచ్చు కాబట్టి, ఆ నెలలో వెళ్తే కంఫర్ట్ అంకె సున్నా డిగ్రీల సెల్సియస్ గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నది తీసుకోండి.

దాని కింద పరిచే మెత్త కూడా అంతే ముఖ్యం. చెక్క గచ్చు కింద గాలి ఆడుతుంది కాబట్టి చలి అడుగు నుంచి వస్తుంది. ఇంటి నుంచి తెచ్చిన చాప, బొంత ఇక్కడ పనికిరావు. మెత్త మీద, అది చలిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే ఆర్-విలువ అని ఒక అంకె ఉంటుంది; వేసవికి 2 లేక 3 చాలు, సెప్టెంబరు చివరికి 4 దగ్గరగా ఉండాలి.

మిగిలినవి: తలకు కట్టుకునే లైటు, ఉన్ని లేక పాలిస్టర్ బట్టలు ఒక పొడి జత, వాన కోటు, నీళ్ళ ఫిల్టరు, చిన్న గ్యాస్ పొయ్యి, వేలాడదీసే తేలికపాటి దోమతెర, పది మీటర్ల సన్నతాడు, ఎలుగుబంటి తెరవలేని గట్టి ప్లాస్టిక్ డబ్బా, కాగితపు మ్యాపు. వీటితోపాటు ఒక చిన్న డేరా కూడా ఉండాలి. "పాక ఉండగా డేరా దేనికి, అదనపు బరువు కదా" అని అందరూ అంటారు. దేనికో రెండో మెట్టులో చెప్తాను.

పొయ్యికి వాడే గ్యాస్ సీసాను విమానంలో చేతి సంచిలోనైనా పెద్ద పెట్టెలోనైనా పెట్టనివ్వరు. అక్కడ దిగాక కొనుక్కోవాలి. లుంగీ, నూలు బనియను నడకకు వద్దు. నూలు ఒకసారి చెమటకో వానకో తడిస్తే ఆ చలిలో ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది.

బయలుదేరే ముందు ఇంటి దగ్గర ఒక రాత్రి

కొత్త సామాను మొదటిసారి అడవిలో విప్పడం చాలామంది చేసే పొరపాటు. కొబ్బరితోటలోని మకాంలోనో, ఇంటి వెనుక వసారాలోనో ఒక రాత్రి పడుకుని చూడండి. మన ఉక్కలో చలి పరీక్ష కుదరదు గానీ, మరో మూడు సంగతులు తేలుతాయి. దీపం ఆర్పేసి చీకట్లో సంచి విప్పి మళ్ళీ మడవగలరా? మేకు కొట్టకుండా దోమతెరను తాడుతో దూలానికి కట్టగలరా? ఆ మెత్త మీద ఆరు గంటలు పడుకుంటే నడుము పట్టేస్తుందా? మూడోదానికి జవాబు అవును అయితే మందమైన మెత్త కొనుక్కోండి, లేదా పగటి నడకతో సరిపెట్టుకుని రాత్రికి కింది ఊరిలో గది తీసుకోండి.

ఇదే పరీక్ష మారేడుమిల్లి అడవిలో చేద్దామని కొందరు కుర్రవాళ్ళు ఉత్సాహపడుతుంటారు. అటవీ శాఖ అనుమతి లేకుండా రిజర్వు అడవిలో రాత్రి మకాం వేయడం నేరం. పైగా ఏజెన్సీలో మలేరియా ఉంది. అటు వెళ్ళాలనుకుంటే అటవీ శాఖవారు నడిపే విడిదిలో ఉండండి, దోమతెర మరవకండి.

మెట్లు

1. ఏ నెలలో వెళ్ళాలో ముందు తేల్చుకోండి. మనవాళ్ళు ఎండలు తప్పించుకోవడానికి మే నెలలో వెళ్తారు, కొండకూ అప్పుడే బయలుదేరతారు. అక్కడ అది మంచు కరిగి బాటలన్నీ బురదగా ఉండే సమయం. 2,500 అడుగులకు పైన ఉన్న బాటల్లో నడవవద్దని అధికారులే కోరతారు. మే మధ్య నుంచి జూన్ చివరి వరకు నల్ల ఈగలు కుడతాయి. వాటితో పోలిస్తే మన వరిచేల దోమలు నయమని నేను సంకోచం లేకుండా చెప్పగలను. జులై సగం దాటాక గానీ, సెప్టెంబరు మొదట్లో గానీ వెళ్ళడం మేలు.

తరువాత ఎంతమంది వెళ్తున్నారో లెక్క చూసుకోండి. మూడు కుటుంబాలు కలిసి వనభోజనాలకు వెళ్ళినట్టు వెళ్ళడం కుదరదు. రాష్ట్ర అడవిలో పదిమంది గానీ అంతకు మించి గానీ బస చేయాలంటే అనుమతి పత్రం కావాలి. అడిరాండాక్‌లో ఎత్తైన శిఖరాలుండే హై పీక్స్ ప్రాంతంలో అయితే రాత్రి బసకు ఒక జట్టులో 8 మంది మించకూడదు. అపలాచియన్ బాట సాగే గ్రేట్ స్మోకీ పర్వతాల షెల్టర్లకు వెళ్ళేవారు రుసుము కట్టి ముందే చోటు ఖాయం చేసుకోవాలి. అడిరాండాక్‌లో రిజర్వేషన్ ఉండదు, రుసుమూ ఉండదు.

2. మధ్యాహ్నం మూడు గంటలకల్లా పాక చేరేలా బయలుదేరండి. ముందు వచ్చినవారికి ముందు చోటు, అయితే పాక మొత్తం వారిదైపోదు. ఏడెనిమిది మంది పట్టే పాకలో ఇద్దరే ఉంటే, ఆ తరువాత వచ్చేవారికి నిండేవరకు చోటు ఇవ్వాల్సిందే. ఇది మనకు కొత్త కాదు. ఊరి సత్రంలో అరుగు మీద తువ్వాలు పరిచినంతమాత్రాన సత్రం మనదవుతుందా? చీకటి పడ్డాక తడిసి వచ్చిన కొత్తవాళ్ళను చూసి ముఖం తిప్పుకోకుండా, మీ సామాను ఒక గోడ వైపు జరపండి.

పాక నిండిపోయి ఉంటే మీ దగ్గర డేరా ఉండాలి. అందుకే దానిని మోయమన్నాను. డేరా ఎక్కడ పడితే అక్కడ వేయకూడదు: గుర్తు పెట్టి కేటాయించిన చోట గానీ, లేదంటే బాటకు, నీటికి, రోడ్డుకు కనీసం 150 అడుగుల దూరంలో గానీ వేయాలి. పాక లోపల డేరా వేయడం నిషిద్ధం. ఇద్దరి డేరా నలుగురి చోటు తినేస్తుంది.

3. సంచి దించకముందే పాకను పరిశీలించండి. మొదట తల పైకెత్తి చుట్టుపక్కల చెట్లు చూడండి. ఎండిపోయిన చెట్టు గానీ, విరిగి వేలాడుతున్న కొమ్మ గానీ పాక మీదికి వాలి ఉంటే అక్కడ పడుకోవద్దు. తుపాను రాత్రి కొబ్బరిచెట్టు ఇంటి మీద పడడం చూసిన మనకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. తరువాత లోపలికి వెళ్ళి కప్పు వైపు చూడండి: వెలుగు చుక్కలు కనిపించిన చోట వాన కారుతుంది. గచ్చు మీద అరచేయి ఆనించి చెమ్మ ఎక్కడుందో చూసి, ఆ చోటు వదిలేయండి.

మూలల్లో ఎలుక పెంటికలు ఉంటే పొడిగా ఊడవకండి. ఆ దుమ్ము పీలిస్తే అరుదుగానైనా ప్రమాదకరమైన జబ్బు వచ్చే అవకాశం ఉంది. కాస్త నీళ్ళు చల్లి, తడి కాగితంతో తీసేయండి. మనం చీపురు కనిపిస్తే చాలు ఊడ్చేస్తాం కాబట్టి ఈ హెచ్చరిక.

చివరగా గాలివాటం చూడండి. సాధారణంగా పాక ముఖం వీచే గాలికి పెడగా ఉండేలా కడతారు, కానీ కొండ లోయల్లో గాలి సుడి తిరుగుతుంది. జల్లు లోపలికి కొట్టేలా ఉంటే ముందువైపు నైలాన్ లేక కాన్వాసు గుడ్డను తాడుతో అడ్డంగా కట్టుకోవచ్చు. మేకులు కొట్టకూడదు, ప్లాస్టిక్ పట్టాతో ముందువైపు మూసేయకూడదు. ఎరువుల సంచులు కుట్టి పాకకు చుట్టేసే నేర్పును ఇంటి దగ్గరే వదిలి రావాలి.

4. పడక సర్దుకోండి. ఎవరి మెత్తను వారు వెనుక గోడకు దగ్గరగా, పక్కవారితో వరుసలో పరుచుకుంటే జల్లు తగలదు. నేను మాత్రం గోడకు జానెడు ఖాళీ వదులుతాను. ఎలుకలు రాత్రంతా గోడ వెంబడే పరుగెడతాయి, అక్కడ ముఖం పెడితే జుట్టు మీదుగా పోతాయి. పడుకునే సంచిని చేరగానే విప్పి, దులిపి, ఒక గంట అలా వదిలేయండి. లోపల కూరిన ఈకలు గానీ పీచు గానీ పొంగితేనే వేడి నిలుస్తుంది. పొంగిందో లేదో పైన చేత్తో నొక్కి చూడండి. చేయి తీయగానే తిరిగి లేవాలి. దోమతెర మీ పడక వెడల్పు వరకే కట్టుకోండి.

చెప్పులు, బూట్లు బయట విడవడం మన అలవాటు. ఇక్కడ అది ఖరీదైన పొరపాటు. అక్కడి ముళ్ళపందులకు ఉప్పంటే ఆశ. చెమట పట్టిన బూట్లను, సంచి పట్టీలను, నడక కర్ర పిడులను కొరికేస్తాయి. బూట్లను ఒక సంచిలో కట్టి, గచ్చు మీదే మీ తల వైపు పెట్టుకోండి. కింద నేల మీద వద్దు.

5. తిండిని పడక నుంచి వేరు చేయండి. నా సొంత అనుభవం చెప్పాలంటే ఇక్కడే చెప్పాలి. మొదటి రాత్రి అన్నమంతా, పప్పంతా పద్ధతిగా డబ్బాలో పెట్టాం గానీ, సంచి పక్క జేబులో మా ఆవిడ పెట్టిచ్చిన చేగోడీల పొట్లం ఒకటి మరచిపోయాను. తెల్లవారేసరికి జేబుకు పావలా కాసంత కన్నం, గచ్చు మీద పొడి. చేగోడీ ఒక్కటి మిగలలేదు. ఎలుకే కాబట్టి అంతటితో పోయింది.

ఎలుగుబంటికి ఆవకాయ వాసన, పళ్ళపొడి వాసన, కొబ్బరినూనె వాసన అన్నీ తిండి వాసనలే. కాబట్టి తినేవాటితోపాటు సబ్బు, పేస్టు, నూనె, చెత్త కూడా గట్టి డబ్బాలోకే వెళ్ళాలి. తూర్పు హై పీక్స్‌లో ఏప్రిల్ 1 నుంచి నవంబరు 30 వరకు రాత్రి బస చేసేవారికి ఈ డబ్బా తప్పనిసరి. మిగతా చోట్ల కూడా వాడడమే క్షేమం. మూత బిగించాక డబ్బాను తలకిందులు చేసి, వేళ్ళతో మూత లాగి చూడండి. కదిలితే సరిగా పడలేదన్నమాట. దాన్ని పాకకూ నీటికీ కనీసం 100 అడుగుల దూరంలో నేల మీద పెట్టండి. చెట్టుకు వేలాడదీయకండి, వాగు గట్టున పెట్టకండి. ఎలుగు దొర్లించి నీళ్ళలో పడేస్తే మీకు మిగిలేది ఆకలి.

వంట విషయంలో రుచి కాస్త తగ్గించుకోండి. పులిహోర పేస్టు, అటుకులు, సాంబారు పొడి కలిపిన ఓట్స్ వంటివి బరువు తక్కువ, గిన్నెకు అంటవు. వేపుళ్ళు వద్దు, ఆ పోపు వాసన లోయంతా పాకుతుంది. పొయ్యిని చెక్క గచ్చు మీద వెలిగించకండి, బయట రాతి మీద పెట్టండి. గిన్నెలను వాగులో తోమడం, అందులోనే పుక్కిలించడం చేయకూడదు. నీళ్ళు తెచ్చుకుని, 150 అడుగులు దూరం జరిగి కడగండి. మెతుకులు వడపోసి చెత్తతోపాటు వెనక్కి మోసుకురండి.

6. నీళ్ళు. కొండవాగు ఎంత తేటగా ఉన్నా అలాగే తాగకండి. జియార్డియా అనే పరాన్నజీవి వల్ల వచ్చే విరేచనాలు వారాల తరబడి వదలవు. ఫిల్టరులో వడపోయండి, లేదా కుతకుత మరిగాక ఒక నిమిషం ఉంచండి. సన్న గొట్టాల ఫిల్టరు ఒకసారి తడిశాక గడ్డకడితే లోపల చిట్లిపోతుంది, అది చిట్లిందని బయటికి కనిపించదు. చలి రాత్రి దానిని కవరులో చుట్టి పడుకునే సంచిలోనే, కాళ్ళ దగ్గర పెట్టుకోండి. గడ్డకట్టిందనే అనుమానం ఉన్నా దానిని నమ్మకుండా నీళ్ళు మరిగించుకోండి.

7. మంట వేసేముందు, అక్కడ మంటకు అనుమతి ఉందో లేదో చూడండి. తూర్పు హై పీక్స్‌లో మంట పూర్తిగా నిషేధం. అనుమతి ఉన్న చోట కూడా ఉన్న పొయ్యిలోనే వేయాలి. నేల మీద రాలి ఎండిన పుల్లలే వాడాలి, నిలువుగా ఎండిన చెట్టును కొట్టకూడదు. కారులో కట్టెలు తెచ్చుకుందామంటే, శుద్ధి చేయని కట్టెలను పుట్టిన చోటు నుంచి 50 మైళ్ళకు మించి తరలించడం ఆ రాష్ట్రంలో చట్టవిరుద్ధం, ఎందుకంటే చెట్లను చంపే పురుగులు వాటితోపాటు ప్రయాణిస్తాయి.

మంటను భోగిమంటలా పెంచకండి. మోకాలెత్తు దాటితే నిప్పురవ్వలు లోపలికి ఎగిరి నైలాన్ సంచుల మీద పడతాయి, పడ్డచోటల్లా కన్నమే. దేవుడికని అగరొత్తి, కర్పూరం గచ్చు మీద వెలిగించడం కూడా వద్దు, దండం పెట్టుకుంటే చాలు. పడుకునే ముందు నీళ్ళు పోసి, పుల్లతో కలియబెట్టి, మళ్ళీ పోయండి. అరచేతి వెనుకభాగాన్ని బూడిదకు దగ్గరగా పెట్టి చూడండి. వెచ్చదనం తగిలితే ఇంకా ఆరలేదు.

8. రాత్రి. పొడి జత, పొడి మేజోళ్ళు వేసుకుని పడుకోండి. పగటి చెమట బట్టలతో సంచిలో దూరితే ఎంత మంచి సంచి అయినా వణికిస్తుంది. ముఖం మొత్తం సంచిలో దాచుకోకండి, ఊపిరి తేమతో లోపల కూరినది తడుస్తుంది. టోపీ పెట్టుకుని ముక్కు బయట ఉంచండి. చలి వేస్తే వేడినీళ్ళ సీసా మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసుకున్నాకే కాళ్ళ దగ్గర పెట్టుకోండి. పెద్దవాళ్ళు రాత్రి లేవాల్సి వస్తే లైటు, బూట్లు చేతికి అందేచోట ఉండాలి. ముందున్న దుంగ మోకాలికి కొట్టుకోవడం నాకు రెండుసార్లు జరిగింది. మరుగుదొడ్డి లేని చోట నీటికి, బాటకు, పాకకు 150 అడుగులు దాటి, జానెడు లోతు గొయ్యి తవ్వి పూడ్చాలి. ఫోనులో పాటలు, వీడియో కాల్స్ వద్దు. అన్నట్టు చాలా పాకల దగ్గర సిగ్నలే ఉండదు, ఇంటివాళ్ళకు ముందే చెప్పి వెళ్ళండి.

9. పొద్దున్న ఖాళీ చేసేటప్పుడు ఒకరు లోపల, ఒకరు బయట నిలబడి చూడండి. గచ్చు పలకల సందుల్లో పడిన మాత్రల రేకులు, పొయ్యిలో సగం కాలిన పాల కవర్లు, తాడు ముక్కలు ఎక్కువగా దొరుకుతాయి. మిగిలిన తిండిని "తరువాత వచ్చేవాళ్ళు తింటారు" అని వదలకండి. దాన్ని తినేది ఎలుకలు, ఆ తరువాత ఎలుగులు. మోకాళ్ళ వెనుక, చంకల్లో, చెవుల వెనుక పురుగులు అంటుకున్నాయేమో ఒకరికొకరు చూసుకోండి. నువ్వుగింజంత ఉండే టిక్ అనే పురుగు కుడితే లైమ్ జ్వరం రావచ్చు. కనిపిస్తే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగాలి, నలపకూడదు, అగ్గిపుల్లతో కాల్చకూడదు.

కిందికి దిగాక బాట మొదట్లో పెట్టెలో ఒక పుస్తకం ఉంటుంది. వెళ్ళేటప్పుడు పేరు, ఎంతమంది, ఏ పాకకు, ఎప్పుడు తిరిగి వస్తారు అని అందులో రాసే ఉంటారు. వచ్చాక అదే వరుసలో తిరిగి వచ్చినట్టు రాయాలి. కాళ్ళు నొప్పులు పుట్టి, కారు కనిపించగానే దీన్ని మరచిపోయేవాళ్ళు ఎక్కువ. ఎవరైనా తప్పిపోయారేమోనన్న అనుమానం వచ్చినప్పుడు రేంజర్లు మొదట చూసేది ఆ పుస్తకాన్నే. కారు తాళం తీసేముందే వెళ్ళి రాసి రండి.